ఎడిటర్‌ను ఎంతవరకు మార్చుకోవాలి? ప్లగిన్లు, షార్ట్‌కట్ల మీద యాభై ఏళ్ల చర్చ

ప్రోగ్రాములు రాసేవాళ్లు, సర్వర్లు చూసుకునేవాళ్లు, వ్రాతప్రతులు దిద్దేవాళ్లు రోజులో ఎక్కువసేపు గడిపేది టెక్స్ట్ ఎడిటర్ ముందే. దాన్ని వచ్చినది వచ్చినట్టు వాడుకోవాలా, ప్లగిన్లు తగిలించి షార్ట్‌కట్లు మార్చుకుని సొంతం చేసుకోవాలా అన్న ప్రశ్న 1976 నుంచీ నలుగుతూనే ఉంది. ఇన్నేళ్లలో అది విమ్ వాళ్లకూ ఈమాక్స్ వాళ్లకూ మధ్య పంతంగా పేరుపడిపోయింది. ఆ పంతంలో మూడు వేర్వేరు ప్రశ్నలు కలగలిసిపోయాయి. చేతికి వేగం ఎలా వస్తుందన్నది ఒకటి. పనిముట్టును మలచుకునే హక్కు ఎవరిదన్నది రెండోది. ముక్కూమొహం తెలియనివాళ్లు రాసిన కోడ్‌ను మన కంప్యూటర్‌లో ఎంతవరకు నమ్మాలన్నది మూడోది. మొదటిదానికి జవాబు దొరికితే మిగతా రెండింటికీ దొరికినట్టే అనుకోవడం వల్లే వాదన ఏళ్ల తరబడి ఒకేచోట తిరుగుతోంది. విడదీసి చూస్తే కొన్ని చిక్కులు తేలిగ్గానే వీడిపోతాయి. వీడనివి ఏవో కూడా స్పష్టమవుతాయి.

కీలు ఎక్కడి నుంచి వచ్చాయి

1969లో కెన్ థాంప్సన్ యూనిక్స్ కోసం ‘ఎడ్’ రాసే నాటికి తెర లేదు, కాగితం మీద అచ్చుకొట్టే టెలిటైపే ఉండేది. ప్రతి అక్షరం నెమ్మదిగా పడేది కాబట్టి ఆదేశాలు ఒకటి రెండు అక్షరాల్లో ముగించేవారు. తప్పు చేస్తే ఎడ్ ఇచ్చే జవాబు ఒక్క ప్రశ్నార్థకం. ఆ పొదుపే వారసత్వంగా వచ్చింది. 1976లో బర్క్‌లీలో బిల్ జాయ్ వీఐ రాసినప్పుడు ఆయన ముందున్నది ఏడీఎం-3ఏ అనే టెర్మినల్. దాని మీద బాణం గుర్తులకు విడిగా కీలు లేవు, హెచ్, జె, కె, ఎల్ కీల మీదే వాటిని అచ్చువేశారు. ఎస్కేప్ కీ ఇప్పుడు ట్యాబ్ ఉన్నచోట, క్యూ పక్కనే ఉండేది. ఈనాటికీ వీఐ వారసుడైన విమ్ వాడేవాళ్లు ఆ నాలుగు అక్షరాలతోనే కర్సర్ కదుపుతున్నారు. ఎస్కేప్ మాత్రం పై మూలకు పోవడంతో దాన్ని అందుకోలేక క్యాప్స్ లాక్‌ను ఎస్కేప్‌గా మార్చుకుంటున్నారు.

అదే సంవత్సరం ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో టీకో అనే ఎడిటర్‌కు రాసిన మాక్రోలన్నిటినీ కూర్చి రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ తదితరులు ఈమాక్స్ తయారుచేశారు. వీఐలో అక్షరం ఒక స్థితిలో ఆదేశం, మరో స్థితిలో అక్షరమే. ఈమాక్స్‌లో అక్షరం ఎప్పుడూ అక్షరమే, ఆదేశం ఇవ్వాలంటే కంట్రోల్, మెటా కీలు కలిపి నొక్కాలి. అక్కడి లిస్ప్ యంత్రాల కీబోర్డుల్లో కంట్రోల్ స్పేస్‌బార్ పక్కనే ఉండేది, బొటనవేలికి అందేది. ఐబీఎం 101 కీల కీబోర్డు కంట్రోల్‌ను కింది మూలకు నెట్టింది. అప్పటి నుంచి ఆ భారమంతా చిటికెన వేలి మీద పడింది. ఈమాక్స్ వాడేవాళ్లలో చిటికెన వేలి నొప్పి గురించి అంతగా చెప్పుకోవడానికి కారణం ఇదే. ఆ నొప్పికి ఈమాక్స్ ఎంత కారణమో కీబోర్డు కూడా అంతే కారణం.

మూడో దారి జిరాక్స్ పార్క్‌లో పడింది. లారీ టెస్లర్‌కు స్థితులంటే గిట్టేది కాదు. ఒకే కీ ఒకసారి ఒకలా, మరోసారి మరోలా పనిచేస్తే మనిషి తప్పు చేసి తీరుతాడని ఆయన వాదన. టిమ్ మాట్‌తో కలిసి 1970ల నడిమిలో చేసిన జిప్సీలో కట్, కాపీ, పేస్ట్ ఈనాటి రూపానికి వచ్చాయి. ఆపిల్ లీసా 1983లో వాటికి కింది వరసలోని ఎక్స్, సి, వి కీలనూ, అన్‌డూకు జెడ్‌నూ ఇచ్చింది. ఎడమచేతి కింద ఒకదాని పక్కన ఒకటి ఉండటమే ఆ ఎంపికలోని సుళువు. ఇప్పుడు ప్రపంచమంతా వాడుతున్న షార్ట్‌కట్లు ఇవే.

తెలుగునాట ఇంజనీరింగ్ చదివిన ఒక తరానికి మాత్రం ఈ మూడూ కాకుండా నాలుగో సంప్రదాయం ముందు పరిచయమైంది. 1978లో వచ్చిన వర్డ్‌స్టార్ కంట్రోల్‌తో ఇ, ఎస్, డి, ఎక్స్ కలిపి నాలుగు దిక్కులకూ కర్సర్ నడిపేది. బోర్లాండ్ సంస్థ ఆ కీలనే టర్బో పాస్కల్‌లోకి, తర్వాత టర్బో సీలోకి తెచ్చింది. 1987లో ఐబీఎం ప్రకటించిన ఉమ్మడి నియమాలు కాపీకి కంట్రోల్+ఇన్సర్ట్, పేస్ట్‌కు షిఫ్ట్+ఇన్సర్ట్ అన్నాయి, తర్వాతి బోర్లాండ్ ఎడిటర్లు వాటినీ ఒప్పుకున్నాయి. కాలేజీ ల్యాబులో ఆ నీలం తెర మీద ఆల్ట్+ఎఫ్9తో కంపైల్, కంట్రోల్+ఎఫ్9తో రన్ చేసిన విద్యార్థి తెలియకుండానే ఈ రెండు సంప్రదాయాలనూ ఒకేచోట నేర్చుకున్నాడు.

ఈ చరిత్ర ఎందుకంటే, చర్చలో తరచూ వినపడే రెండు మాటలనూ ఇది పూర్వపక్షం చేస్తుంది. అసలు కీలే పవిత్రం, వాటిని ముట్టుకోకూడదన్నది ఒకటి. అవి అర్థం పర్థం లేనివి, అన్నీ మార్చేయాలన్నది రెండోది. ఏ కీ ఎక్కడ ఉందన్నది ఆనాటి యంత్రాన్ని బట్టి కుదిరిన సంగతి. దాన్ని మార్చుకుంటే వచ్చే నష్టం లేదు. వీఐ ఆదేశాల్లో ఉన్న వ్యాకరణం మాత్రం యాదృచ్ఛికం కాదు. డి అంటే తొలగించు, డబ్ల్యూ అంటే మాట, కలిపితే మాటను తొలగించు. విమ్‌లోనైతే సి, ఐ, తర్వాత కొటేషన్ గుర్తు నొక్కితే ఆ గుర్తుల మధ్య ఉన్నదంతా చెరిపి కొత్తది రాయడానికి సిద్ధం. పది క్రియలు, పది కర్మలు నేర్చుకుంటే వంద ఆదేశాలు చేతికొస్తాయి. కీల స్థానాలనూ ఈ వ్యాకరణాన్నీ ఒకే గాటన కట్టి వాదించడం వీఐ పక్షానికీ దాని ప్రత్యర్థులకూ ఇద్దరికీ ఉన్న లోపమే.

ప్లగిన్లు పెరిగిన తీరు

1985లో బయటికొచ్చిన గ్నూ ఈమాక్స్ లోపల మొత్తం ఒక లిస్ప్ భాష ఉంది. అందులో ప్రతి పనీ ఒక ఫంక్షన్, కీ దానికి తగిలించిన పేరు మాత్రమే. కంట్రోల్+హెచ్ నొక్కి, కె నొక్కి, ఏదైనా కీ నొక్కితే అది ఏ ఫంక్షన్‌ను పిలుస్తుందో ఈమాక్స్ చెబుతుంది. ఆ ఫంక్షన్ మూలకోడ్‌లోకి కూడా అక్కడి నుంచే వెళ్లవచ్చు. పనిముట్టును వాడేవాడికీ తయారుచేసేవాడికీ మధ్య గోడ ఉండకూడదన్న స్టాల్‌మన్ సిద్ధాంతం ఇక్కడ చేతికి తగులుతుంది.

బ్రామ్ మూలెనార్ 1991లో విడుదల చేసిన విమ్ ఇందుకు భిన్నంగా నెమ్మదిగా ప్లగిన్లకు అలవాటుపడింది. చాలాకాలం ఫైళ్లను చేత్తో ఒక ఫోల్డర్‌లో పడేయడమే పద్ధతి. పాథోజెన్, వండుల్, విమ్-ప్లగ్ లాంటి ప్లగిన్ నిర్వాహకాలు వచ్చాక ఒక్కో ప్లగిన్‌కు ఒక్కో వరస రాస్తే సరిపోయింది. 2014లో విమ్ నుంచి విడిపోయిన నియోవిమ్ లువా భాషను తెచ్చింది. 2023 ఆగస్టులో మూలెనార్ కన్నుమూసే నాటికి ఆయన చివరిదాకా పోషించిన విమ్, దాని నుంచి చీలిన నియోవిమ్ రెండూ బలంగానే నిలిచాయి.

కిటికీల ప్రపంచంలో 2004లో టెక్స్ట్‌మేట్, 2008లో సబ్‌లైమ్ టెక్స్ట్ కొత్త ఒరవడి పెట్టాయి. సబ్‌లైమ్ తెచ్చిన ఆదేశాల పట్టిక, అంటే కమాండ్ పాలెట్, చిన్న సౌకర్యంలా కనిపించినా చర్చ దిశను మార్చింది. కీ గుర్తులేకపోయినా పనిపేరులో నాలుగక్షరాలు కొడితే చాలు, పక్కనే దాని షార్ట్‌కట్ కూడా కనిపిస్తుంది. జ్ఞాపకం ఉంటేనే పని అన్న షరతు పోయింది. పదేపదే వెతికే ఆదేశం ఏదో తెలుస్తుంది కాబట్టి, దేనికి కీ అవసరమో కూడా ఆ పట్టికే నేర్పుతుంది. గిట్‌హబ్ తెచ్చిన యాటమ్ పూర్తిగా మలచుకోగల ఎడిటర్‌గా 2014లో వచ్చి 2022 డిసెంబరు 15న మూతపడింది. 2015లో వచ్చిన మైక్రోసాఫ్ట్ వీఎస్ కోడ్ ఆ జాగాను ఆక్రమించింది.

ఈ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్. అంతకుముందు పది భాషలకు పది ఎడిటర్లలో సాయం కావాలంటే వంద ప్లగిన్లు రాయాలి. ఇప్పుడు భాషకు ఒక సర్వర్, ఎడిటర్‌కు ఒక క్లయింటు, మొత్తం ఇరవై చాలు. నియోవిమ్ 2021లో, ఈమాక్స్ 2023లో ఆ క్లయింటును తమలోనే కలుపుకున్నాయి. ఫలానా భాషకు ఫలానా ఎడిటరే మేలన్న పాత వాదం దీంతో చాలావరకు చచ్చిపోయింది. ఇప్పుడు ఎడిటర్ల మధ్య మిగిలిన అసలు తేడా చేతి అలవాటే. యాటమ్ కోసం పుట్టిన ట్రీ-సిట్టర్ విశ్లేషకం ఆ ఎడిటర్ పోయాక కూడా నియోవిమ్, ఈమాక్స్, హీలిక్స్‌లలో బతికి ఉండటం ఇదే సంగతికి మరో సాక్ష్యం.

నాలుగు వాదాలు

మొదటి వాదం: వచ్చినది వచ్చినట్టు వాడండి. వీళ్ల బలమైన కారణం ఆచరణలోంచి వచ్చింది. అర్ధరాత్రి సర్వర్ పడిపోతే లాగిన్ అయ్యే యంత్రంలో మన సెట్టింగులు ఉండవు, వీఐ మాత్రం సాధారణంగా ఉంటుంది. రెండో కారణం సిద్ధాంతానిది. మాకింతోష్ ప్రాజెక్టును మొదలుపెట్టిన జెఫ్ రాస్కిన్ 2000లో రాసిన పుస్తకంలో సెట్టింగుల మీద అనుమానం వ్యక్తం చేశాడు. మంచి రూపకల్పన చేయాల్సినవాడు ఆ బాధ్యతను వాడేవాడి నెత్తిన పెడుతున్నాడన్నది ఆయన అభ్యంతరం. 2021లో వచ్చిన హీలిక్స్ ఈ వాదానికి కొత్త రూపం. కావలసినవన్నీ ముందే లోపల పెట్టి, ప్లగిన్ల గొడవ లేకుండానే జనంలోకి వచ్చింది. కాకూన్ అనే ఎడిటర్ బాటలో అది వీఐ వ్యాకరణాన్ని కూడా తిరగేసింది. ముందు ఎంచుకో, తర్వాత చెయ్యి. దేని మీద పని జరగబోతోందో ముందే తెర మీద కనిపించడం నిజమైన మెరుగుదల.

రెండోది: మొదటి వరస నుంచి మీరే రాసుకోండి. రాసుకున్నవాడికి తన ఎడిటర్‌లో ప్రతి మూలా తెలుస్తుంది. చెడితే బాగుచేసుకోగలడు. ఖర్చు కూడా ఉంది. ఎడిటర్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి విరుగుతుంది, దాన్ని చూసుకోవడానికి వేరే ఎవరూ ఉండరు.

మూడోది: ఎవరో కూర్చిన కట్టను తీసుకోండి. స్పేస్‌మాక్స్, డూమ్ ఈమాక్స్, లేజీవిమ్ ఈ కోవలోవి. మొదటి రోజే అన్నీ పనిచేస్తాయి. సమస్య వచ్చినప్పుడు మాత్రం తప్పు ఎడిటర్‌దో, కట్టదో, ప్లగిన్‌దో తెలియక తిప్పలు.

నాలుగోది మార్కెట్‌ప్లేస్ దారి. వీఎస్ కోడ్‌లో ఒక్క క్లిక్కుతో ప్లగిన్ వస్తుంది, ఆదేశాల పట్టిక ఉంది కాబట్టి కీలు కంఠస్థం చేయనక్కర్లేదు. ఇదే గూటిలో మరో ధోరణి కూడా పెరిగింది. ఈమాక్స్‌లో ఈవిల్, జెట్‌బ్రెయిన్స్ పరికరాల్లో ఐడియావిమ్, వీఎస్ కోడ్‌లో విమ్ పొడిగింపు. ఎడిటర్ ఏదైనా కానీ చేతి అలవాటు మారకూడదన్న కోరిక ఇది. సూటిగా చెప్పాలంటే, వీఐ ఎడిటర్‌గా కన్నా వీఐ వ్యాకరణంగా ఎక్కువ గెలిచింది.

నలుగురినీ పక్కపక్కన పెడితే తేడా ఇలా కనిపిస్తుంది. కొత్త యంత్రం మీద తడబడకుండా పనిచేయగలిగేది మొదటివాడు. చెడినప్పుడు సొంతంగా బాగుచేసుకోగలిగేది రెండోవాడు. త్వరగా మొదలుపెట్టగలిగేది మూడోవాడు, నాలుగోవాడు. తాను వాడుతున్నదాని మీద అతి తక్కువ అదుపు ఉండేది కూడా ఆ ఇద్దరికే. ఎవరి పనికి ఏ లోటు భరించదగ్గదో చూసుకోవడమే ఎంపిక.

వేగం మాటేమిటి

ఎవరిది వేగం అన్న వాదనకు కొలతలు ఉన్నాయి, కానీ వాటిని తమకు అనుకూలంగా చదువుకోవడం ఎక్కువ. కార్డ్, మొరాన్, న్యూవెల్ 1980లో ప్రతిపాదించిన కీస్ట్రోక్ నమూనా ప్రకారం ఓ మోస్తరు టైపిస్టుకు ఒక కీ నొక్కడానికి దాదాపు 0.2 సెకను, మౌస్‌తో గురిపెట్టడానికి 1.1, చేతిని కీబోర్డు నుంచి మౌస్‌కు మార్చడానికి 0.4, మనసులో సిద్ధం కావడానికి 1.35 సెకన్లు పడతాయి. దీంతో లెక్క వేద్దాం. మెనూలోంచి ఫైలును భద్రపరచాలంటే చేయి మౌస్ మీదికి పోవాలి, రెండుసార్లు గురిపెట్టాలి, రెండుసార్లు నొక్కాలి, చేయి వెనక్కి రావాలి: దాదాపు 3.4 సెకన్లు. కంట్రోల్+ఎస్‌కు రెండు కీలే, 0.4 సెకను. కీ ఏదో ఒక్క క్షణం ఆలోచించినా 1.75. అయితే కీ గుర్తురాక మూడు సెకన్లకు మించి తడుముకుంటే మౌసే గెలిచినట్టు. అంటే షార్ట్‌కట్ లాభం అలవాటైన వాటికే, రోజూ పదేపదే చేసే పనులకే. నెలకోసారి చేసే పనికి కీ కట్టుకోవడం వృథా.

ఆపిల్‌లో పనిచేసిన బ్రూస్ టొగ్నాజ్జీని 1989లో ఇంకో మాట అన్నాడు. తమ పరీక్షల్లో మౌసే వేగంగా తేలిందనీ, వాడేవాళ్లు మాత్రం కీబోర్డే వేగమని నమ్మారనీ. కీని గుర్తుచేసుకునే సమయం మనకు లెక్కలోకి రాదని ఆయన వివరణ. ఆ మాట మెనూలతో నడిచే కొత్త వాడుకరికి సరిపోతుంది. రోజంతా అవే ఇరవై ఆదేశాలు వాడే చేతికి సరిపోదు. 2005లో లేన్ బృందం 251 మంది అనుభవజ్ఞులైన వర్డ్ వాడుకరులను గమనిస్తే, తరచూ చేసే పనులకు కూడా ఎక్కువమంది బొమ్మల మీదే నొక్కుతున్నారు. కారోల్, రాసన్ 1987లో చెప్పిన కారణం దీనికి సరిగ్గా అతుకుతుంది: చేతిలో పని ఉన్నవాడు నేర్చుకోవడానికి ఆగడు. పది నిమిషాలు ఆగితే ఏడాదంతా మిగులుతుందని తెలిసినా ఆగడు.

మలచుకోవడం గురించి అన్నిటికన్నా పనికొచ్చే అధ్యయనం వెండీ మెకేది. ఎంఐటీలో 51 మంది యూనిక్స్ వాడుకరులను గమనించి 1991లో రాశారు. జనం తీరికగా కూర్చుని సెట్టింగులు మెరుగుపరుచుకోవడం తక్కువ. సాఫ్ట్‌వేర్ మారి పాత అలవాటు చెడినప్పుడు దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి మార్పులు చేస్తారు. అవి కూడా పక్కవాడి ఫైలును అడిగి తెచ్చుకునేవి. ఇప్పటి డాట్‌ఫైల్స్, అంటే సెట్టింగుల ఫైళ్ల, పంపకాల్లోనూ అదే తీరు కనిపిస్తుంది. ఈ అధ్యయనాలు చాలావరకు ఆఫీసు పనుల మీద, పాత యంత్రాల మీద జరిగినవి. రోజంతా కోడ్ చదివేవాడి పనిలో టైపింగ్ కన్నా ఆలోచనే ఎక్కువ. కాబట్టి వేగం వాదన ఎవరి పక్షాన్నీ తేల్చిచెప్పదు. షార్ట్‌కట్‌కు నిజమైన సమర్థన ఆలోచన తెగకుండా ఉండటమే. దాన్ని సెకన్లలో కొలవడం కష్టం.

ఒక కీ మార్చినప్పుడు

దగ్గరగా చూస్తే గొడవంతా ఒకే కీ కోసం నలుగురు పోటీపడటంలో ఉంది. వీఎస్ కోడ్‌లో కంట్రోల్+డి అదే మాట మరోసారి ఎక్కడుందో ఎంచుకుంటుంది. విమ్‌లో అదే కీ అర తెర కిందికి జరుపుతుంది. కంట్రోల్+ఎఫ్ ఒకచోట వెతుకులాట, మరోచోట పేజీ ముందుకు. వీఎస్ కోడ్‌లో విమ్ పొడిగింపు వేసుకున్నవాడు ఈ రెండింటిలో ఏది కావాలో తేల్చుకోవాల్సిందే. అందుకు ఆ ఎడిటర్‌లో మంచి ఏర్పాటే ఉంది. కంట్రోల్+కె, కంట్రోల్+ఎస్ నొక్కితే పట్టిక తెరుచుకుంటుంది, అక్కడ కీ నొక్కితే దాని కోసం పోటీపడే ఆదేశాలన్నీ కనిపిస్తాయి. ప్రతి నియమానికీ కీ, ఆదేశం, ఎప్పుడు వర్తించాలన్న షరతు, మూడు భాగాలు. నియమాలను కింది నుంచి పైకి చూస్తుంది, వాడుకరి రాసినవి అన్నిటికన్నా కింద ఉంటాయి కాబట్టి చివరి మాట వాడుకరిదే.

విమ్‌లో తెలియక పడే గుంట వేరు. జె రెండుసార్లు నొక్కితే ఎస్కేప్ అయ్యేలా పెట్టుకున్నవాడు జె ఒక్కసారి కొట్టి ఆగినప్పుడు, రెండో జె వస్తుందేమోనని ఎడిటర్ ఎదురుచూస్తుంది. మొదట ఉండే గడువు ఒక సెకను. ఎడిటర్ మందగించిందని అనుకునేవాళ్లలో కొందరికి అసలు కారణం ఇదే కావచ్చు. ఏ కీని ఎవరు కట్టారో విమ్‌ను అడిగితే ఏ ఫైలులో కట్టారో కూడా చూపిస్తుంది. అలా అడిగే ఆదేశం ఒక్కటి తెలిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది.

టెర్మినల్‌లో ఇంకో అడ్డు. ఆస్కీ కాలం నుంచి కంట్రోల్+ఐ, ట్యాబ్ ఒకే సంకేతం. కంట్రోల్+ఎం, ఎంటర్ ఒకటే. ఎంత ప్రయత్నించినా పాత టెర్మినల్‌లో వాటిని వేరుచేయలేం. కిట్టీ టెర్మినల్ ప్రతిపాదించిన కొత్త ప్రోటోకాల్ దీన్ని చక్కదిద్దుతోంది.

ఈ విషయంలో అందరూ నేర్చుకోవాల్సిన మర్యాద ఈమాక్స్‌ది. కంట్రోల్+సి తర్వాత ఏదైనా ఒక్క అక్షరం, ఎఫ్5 నుంచి ఎఫ్9 దాకా కీలు, వాడుకరికే వదిలేయాలి, ప్లగిన్ రాసేవాళ్లు ముట్టుకోకూడదు అని దాని నియమాల్లో రాసి ఉంది. ఇది యంత్రం అమలుచేసే చట్టం కాదు, సమాజం పాటించే కట్టుబాటు. కొన్ని దశాబ్దాలుగా నిలిచింది. ఇప్పుడు కృత్రిమ మేధ సహాయకులు ట్యాబ్ కీని తమ సూచనలు ఒప్పుకోవడానికి తీసుకున్నారు. వరసను లోపలికి జరపడానికి, పదం పూర్తిచేయడానికి అప్పటికే ఆ కీ వాడుకలో ఉంది. కట్టుబాటు లేనిచోట ఒక్క కీకి మూడు పనులు పడ్డాయి.

తెలుగు రాసేవాళ్లకు వచ్చే చిక్కు

ఈ చర్చంతా ఇంగ్లిష్ కీబోర్డునే ఊహించుకుని నడిచింది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్‌లో హెచ్, జె, కె, ఎల్ కీలు నొక్కితే వచ్చేవి ప, ర, క, త. డి నొక్కితే పొల్లు. తెలుగులో వ్యాసం రాస్తూ ఎస్కేప్ నొక్కి, లేఅవుట్ మార్చడం మరిచి, వరస తొలగించడానికి డి రెండుసార్లు కొడితే విమ్‌కు చేరేది రెండు పొల్లులు. అది కదలదు. కంట్రోల్+సి లాంటివి మాత్రం తెలుగు లేఅవుట్‌లోనూ సాధారణంగా పనిచేస్తాయి. కాబట్టి టెస్లర్ పక్షం తెలుగువాడికి మొదటి నుంచీ కొంత అనుకూలం. ఈ కోణం నుంచి చూస్తే స్థితుల మీద టెస్లర్ అభ్యంతరం ఇంగ్లిష్ రాసేవాడికన్నా మనకు ఎక్కువ వర్తిస్తుంది.

పరిష్కారాలు ఉన్నాయి. ఈమాక్స్‌లో తెలుగు ఐట్రాన్స్, తెలుగు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతులు ముందే ఉన్నాయి. కంట్రోల్‌తో బ్యాక్‌స్లాష్ నొక్కితే రాసే భాష మారుతుంది, ఆదేశాల కీలు చెక్కుచెదరవు. విమ్‌లో కీమ్యాప్ అమరికతో లేఅవుట్‌ను ఎడిటర్ లోపలే పెట్టుకుంటే అది రాసే స్థితిలోనే వర్తిస్తుంది, ఆదేశాల స్థితిలో ఇంగ్లిష్ అక్షరాలే ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టం లేఅవుట్‌ను మార్చుకుంటూ కూర్చోవడం కన్నా ఇది ఎంతో మేలు.

తర్వాతి చిక్కు కర్సర్‌ది. ‘స్త్రీ’ అన్న మాట చూడండి. కంటికి ఒక్క అక్షరం. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం: ఆరు సంకేతాలు. ఏ సంకేతాలను కలిపి ఒకే అక్షరంగా చూడాలో చెప్పే అక్షర గుచ్ఛాల పాత నియమం ప్రకారం మూడు ముక్కలు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 తెలుగుతో సహా ఆరు భారతీయ లిపులకు సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా లెక్కించింది. దాన్ని అందిపుచ్చుకున్న ఎడిటర్‌లో కుడి బాణం ఒక్కసారి నొక్కితే ‘స్త్రీ’ దాటుతుంది, లేనిదాంట్లో మధ్యలో ఎక్కడో ఇరుక్కుంటుంది. బ్యాక్‌స్పేస్ మాత్రం సంకేతానికొకటి చొప్పున చెరిపితేనే మేలని చాలామంది అంటారు. గుణింతం తప్పు పడితే మొత్తం మళ్లీ కొట్టక్కర్లేదు కదా. కదలికకు ఒక నియమం, చెరపడానికి ఇంకోటి ఉండాలా అన్నది ఇంకా తేలలేదు. ఉండాలన్నదే ఈ వ్యాసకర్త అభిప్రాయం.

టెర్మినల్‌లో నడిచే ఎడిటర్లకు ఇది ఇంకా కష్టం. అక్కడ ప్రతి అక్షరానికీ సమాన గడి, మన ఒత్తులు గడుల్లో ఇమడవు. 2020లో వచ్చిన ఈమాక్స్ 27 అక్షరాలను కూర్చే హార్ఫ్‌బజ్‌ను వాడటం మొదలుపెట్టాక కిటికీ రూపంలో తెలుగు చక్కగా కూర్చుంటోంది. అచ్చు రంగంలోనూ అలవాటు బలం ఇలాంటిదే. అను ఫాంట్లలో యాపిల్, మాడ్యులర్ లేఅవుట్లతో వేగం సాధించిన డీటీపీ ఆపరేటర్లు యూనికోడ్‌కు మారమంటే ముందు అడిగేది తమ లేఅవుట్ ఉందా అనే. చేతికి తెలిసినది సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది.

ఎవరిని నమ్మాలి

వేగం కన్నా ఈ ప్రశ్నే ముఖ్యం. దీని మీదే చర్చ తక్కువ. వీఎస్ కోడ్‌లో వేసుకున్న ప్లగిన్‌కు మన పేరు మీద ఉన్న హక్కులన్నీ ఉంటాయి. మన ఫైళ్లు చదవగలదు, నెట్‌కు పంపగలదు. తెలియని ఫోల్డర్ తెరిచినప్పుడు నమ్ముతారా అని అడిగే ఏర్పాటు 2021లో వచ్చింది. అది ఫోల్డర్‌కు కాపలా, మనమే ఏరికోరి వేసుకున్న ప్లగిన్‌కు కాదు. 2025 ఫిబ్రవరిలో బాగా వాడుకలో ఉన్న ఒక రంగుల థీమ్‌ను మార్కెట్‌ప్లేస్ నుంచి హానికరమని తొలగించి, తర్వాత పొరపాటని క్షమాపణ చెప్పి తిరిగి పెట్టారు. నిర్వాహకులకే తేల్చుకోవడం కష్టమైనప్పుడు మామూలు వాడుకరి ఎలా తేల్చుకుంటాడు?

పాత ఎడిటర్లు సురక్షితమనుకోవడమూ పొరపాటే. ఫైలు చివర రాసిన సెట్టింగు వరసను విమ్ చదివి పాటించే సౌకర్యంలో 2019లో ఒక లోపం బయటపడింది. ఫైలును తెరిస్తే చాలు, అందులో దాచిన ఆదేశం నడిచేది. ఆ తర్వాత వచ్చిన సవరణతో అది పోయింది.

దాడి కన్నా తరచుగా ఎదురయ్యేది వదిలేయడం. నియోవిమ్ వాళ్లు ఎంతోమంది నమ్ముకున్న ప్యాకర్ అనే ప్లగిన్ నిర్వాహకానికి 2023లో పోషణ ఆగిపోవడంతో, వాడేవాళ్లు సెట్టింగులన్నీ మరోదానికి తిరగరాసుకోవాల్సి వచ్చింది. తీరిక వేళల్లో ఉచితంగా రాసిన మనిషిని దీనికి తప్పుపట్టలేం. ఎవరి పోషణలో ఉందో చూసుకోకుండా దాని మీద పనంతా నిలబెట్టినవాడు మాత్రం జాగ్రత్తపడాలి. మార్కెట్‌ప్లేస్ ఎవరిదన్నది కూడా ఇక్కడే వస్తుంది. మైక్రోసాఫ్ట్ మార్కెట్‌ప్లేస్ షరతుల ప్రకారం దాని వాడకం ఆ సంస్థ ఉత్పత్తులకే పరిమితం. వీఎస్ కోడ్ మూలకోడ్‌తోనే కట్టిన వీఎస్‌కోడియం లాంటివి ఎక్లిప్స్ ఫౌండేషన్ నడిపే ఓపెన్ వీఎస్‌ఎక్స్ అనే మార్కెట్‌ప్లేస్ మీద ఆధారపడాల్సి వస్తోంది. ఎడిటర్ కోడ్ అందరికీ అందుబాటులో ఉంది, ప్లగిన్ల తాళం మాత్రం ఒక కంపెనీ చేతిలో ఉంది.

తేలినవి, తేలనివి

కీల స్థానాలు మార్చుకోవడంలో దోషం లేదు, వ్యాకరణం నేర్చుకోవడంలో లాభం ఉంది. ఇంతవరకు తేలింది. భాషా సాయం ఎడిటర్ నుంచి విడిపోయింది కాబట్టి ఎడిటర్ మారినా పెద్దగా పోయేదేం లేదన్నదీ తేలింది. ప్లగిన్లను విడివిడిగా కట్టడి చేసే ఏర్పాటు ఎలా ఉండాలి, ట్యాబ్ లాంటి కీల మీద హక్కు ఎవరిది, సెట్టింగులను కృత్రిమ మేధే రాసిపెడుతుంటే వాడుకరికి తన పనిముట్టు గురించి ఏం తెలుస్తుంది, ఇవి తేలలేదు. చివరిది రెండో వాదానికి పునాదిలాంటి ప్రశ్న. రాసుకున్నవాడికే తెలుస్తుందన్న మాట ఇక నిలబడదేమో.

ఇప్పటికున్న ఆధారాలను బట్టి చెప్పదగ్గ తీర్పు ఒకటే. షార్ట్‌కట్ల విషయంలో ధారాళంగా, ప్లగిన్ల విషయంలో పిసినారిగా ఉండాలి. షార్ట్‌కట్ నేర్చుకుంటే చేతిలో ఉండిపోతుంది, దాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు. ప్లగిన్ మాత్రం రేపు మారవచ్చు, ఆగిపోవచ్చు, చేతులు మారవచ్చు. కొన్ని వారాలు వచ్చినది వచ్చినట్టే వాడి, ఎక్కడ చేయి ఆగుతోందో చూసి, అక్కడే ఒక్కో మార్పు చేసుకోండి. మార్పు పక్కన ఎందుకు చేశారో ఒక వరస రాసుకోండి. ఫైలును గిట్‌లో పెట్టండి. వాడని ప్లగిన్లను ఈ వారమే తీసేయండి.

ఎడిటర్లకు ప్లగిన్లు రాసే తెలుగు ప్రోగ్రామర్లకు ఇంకో విన్నపం. మీ పరీక్షల ఫైలులో ‘స్త్రీ’, ‘రాష్ట్రం’ చేర్చండి. వాటి మీద కర్సర్ తడబడితే ఆ లోపాన్ని ఎడిటర్ తయారుచేసినవాళ్లకు రాసి పంపండి. అవతల ఉన్నవాళ్లకు మన లిపి తెలియదు, మనం చెబితే తప్ప తెలిసే మార్గమూ లేదు.